జెల్లీఫిష్ ట్యాంకుకి ఉప్పునీళ్లు: కలపడం, కొలవడం, నిలబెట్టుకోవడం

"పక్కనే సముద్రం పెట్టుకుని ఉప్పు డబ్బా కొనమంటారేంటండీ?" భీమవరం నుంచి అమలాపురం దాకా నన్ను అడిగినవాళ్లందరి మొదటి ప్రశ్న ఇదే. రెండోది, "రొయ్యల చెరువు నీళ్లు పోస్తే బతకవా?" మూడోది కాస్త మొహమాటపడుతూ అడుగుతారు: "పోనీ, వంటింట్లో ఉప్పు కలిపేస్తే?" ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పలేక అంతా ఒకచోట రాసేస్తున్నాను.

ముందు పొట్టి జవాబులు. సముద్రం నీళ్లు పనికొస్తాయి, కానీ మనం వెళ్లి ముంచుకునే చోటి నీళ్లు చాలావరకు పనికిరావు. చెరువు నీళ్లు అసలు వద్దు. వంటింటి ఉప్పు ట్యాంకులోకి వద్దు, అయితే దానితో వేరే పని ఉంది, కింద చెబుతాను.

ఇంకో సంగతి. మన ఊళ్లలో సగం మందికి సెలినిటీ (నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె), అమ్మోనియా, ఆల్కలినిటీ అన్న మాటలు చిన్నప్పటి నుంచీ తెలుసు. అది లాభమే, కానీ అక్కడే దెబ్బ కూడా తగులుతుంది. చెరువుల్లో పెంచే వనామీ రొయ్య 5 పీపీటీలోనూ (అంటే వెయ్యి పాళ్ల నీళ్లలో 5 పాళ్ల ఉప్పు) పెరుగుతుంది, 30లోనూ పెరుగుతుంది. వానపడి సెలినిటీ కాస్త దిగినా రైతు మరీ కంగారుపడడు. జెల్లీఫిష్ ఒంట్లో 95 శాతం నీళ్లే. బయటి నీళ్లలో ఉప్పు ఎంతుంటే ఒంట్లోనూ అంతే ఉంటుంది. అందుకే నీళ్లు ఒక్కసారిగా మారితే తట్టుకోలేదు. 33 ఉన్నా బతుకుతుంది, 35 ఉన్నా బతుకుతుంది. ఈ రోజు 33, రేపు 36 అంటేనే దాని పని అయిపోతుంది. కింద చెప్పే పనులన్నీ ఆ అంకె కదలకుండా కాపాడుకోవడానికే.

ఏ జెల్లీ?

వీడియోల్లో తెల్లటి గొడుగులా తేలుతూ కనిపించేది మూన్ జెల్లీ. దానికి చల్లటి నీళ్లు కావాలి, 20 డిగ్రీల లోపు ఉంటే హాయిగా ఉంటుంది. మన దగ్గర మే నెలలో గదిలో పెట్టిన బకెట్ నీళ్లే 31, 32కి పోతాయి. కాబట్టి నీళ్లని చల్లబరిచే చిల్లర్ పెట్టాలి, అది చిల్లర ఖర్చు కాదు. పైగా నీళ్లు మెల్లగా గుండ్రంగా తిరిగే ప్రత్యేకమైన ట్యాంకు కూడా కావాలి.

కొత్తవాళ్లకి నేను చెప్పేది కాసియోపియా, అంటే తలకిందుల జెల్లీ. గొడుగు కిందికి, చేతులు పైకి పెట్టి అడుగున పడుకుంటుంది. 24 నుంచి 28 డిగ్రీలు దానికి సరిపోతాయి, మామూలు గాజు ట్యాంకు చాలు. ఒంట్లో నాచులాంటి సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి, వాటి కోసం రోజుకి 10, 12 గంటలు మంచి లైటు కావాలి. ఏది పెంచినా ఉప్పునీళ్ల పద్ధతి ఒకటే. కింద లెక్కలన్నీ నా 60 లీటర్ల కాసియోపియా ట్యాంకువి, మీ లీటర్లకి తగ్గట్టు మార్చుకోండి.

కావలసినవి

- మెరైన్ సాల్ట్ మిక్స్: మెరైన్ అక్వేరియం షాపుల్లో దొరుకుతుంది. గాలి తగిలితే గడ్డకడుతుంది కాబట్టి గట్టి మూత ఉన్న డబ్బాలో పోసుకోండి.
- ఆర్‌ఓ నీళ్లు, వాటిలో కరిగి ఉన్న లవణాలు ఎంతున్నాయో చూసుకోవడానికి ఒక టీడీఎస్ మీటరు.
- రిఫ్రాక్టోమీటర్: ఆక్వా షాపుల్లో సెలినిటీ మీటర్ అంటే ఇస్తారు. 0 నుంచి 100 పీపీటీ స్కేలు ఉన్నది, ఉష్ణోగ్రత తేడాని అదే సర్దుకునేది అడగండి.
- గ్రాముల్లో తూచే కిచెన్ మిషన్.
- మూత ఉన్న కొత్త ప్లాస్టిక్ డ్రమ్ము, 40 లీటర్లది. కడిగేశాం అన్నా సరే, పురుగుమందు డబ్బాలు, బ్లీచింగ్ డబ్బాలు వద్దు.
- నీళ్లు కలపడానికి చిన్న సబ్‌మెర్సిబుల్ పంపు.
- థర్మామీటరు, అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ చూసే డ్రాప్స్ కిట్. కిట్ మీద ఎక్స్‌పైరీ చూసి తీసుకోండి.
- ఒక మగ్గు, సన్న పైపు, పాత నోటు పుస్తకం, పెన్ను.

మగ్గు, పైపు, డ్రమ్ము ఈ పనికే కేటాయించండి. సబ్బు తగిలిన బకెట్ ఇటు రాకూడదు. ఇత్తడి చెంబు, రాగి బిందె అసలే వద్దు, వెన్నెముక లేని ప్రాణులకి రాగి విషం.

1. మంచినీళ్లు చూసుకోండి

కాలువ నీళ్లు, పంచాయతీ కుళాయి, బోరు, మూడూ పక్కన పెట్టండి. కుళాయిలో క్లోరిన్ ఉంటుంది. కాలువ నీళ్లలో పొలాల మందులు ఉండొచ్చు. డెల్టా బోరు నీళ్లలో ఇనుము, ఉప్పు ఎంతున్నాయో ఊరూరికీ మారిపోతుంది. వాన నీళ్లు పడదామా అంటారు కొందరు. డాబా మీదా రేకుల మీదా పడి వచ్చేవి కాబట్టి నేను వాడను.

వీధి చివర మినరల్ వాటర్ ప్లాంట్ టిన్ను చాలు, కానీ టీడీఎస్ చూడకుండా పోయొద్దు. 20 లోపు ఉంటే మంచిది. 50 దాటితే ఇంకో ప్లాంట్ చూసుకోండి. రుచి కోసం కొందరు బోరు నీళ్లు కాస్త కలుపుతారు, ఫిల్టరు పాతబడినా అంకె పెరిగిపోతుంది. పోయిన నెల 18 ఉన్న ప్లాంట్‌లోనే ఈ నెల 90 చూశాను. ప్రతి టిన్నుకీ మీటరు ముంచడానికి పది సెకన్లు పడుతుంది, అంతే.

2. మీటరు నిజం చెబుతోందో లేదో చూడండి

ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇదే, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

రిఫ్రాక్టోమీటర్ గాజు మీద రెండు చుక్కలు వేసి, మూత మెల్లగా వాల్చి, వెలుగు వైపు తిప్పి కంట్లో పెట్టుకుని చూడండి. పైన నీలం, కింద తెలుపు కనిపిస్తాయి. ఆ రెండూ కలిసే గీత ఏ అంకె దగ్గరుంటే అదే సెలినిటీ. గీత మసగ్గా ఉంటే చుక్క చాలలేదనో, మూత కింద బుడగ ఉందనో అర్థం. తుడిచి మళ్లీ వేయండి. చుక్క వేశాక అర నిమిషం ఆగి చూడండి, గాజు వేడీ నీళ్ల వేడీ సమానం కావాలి.

బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వేసి గీతని సున్నాకి తిప్పుకోమని పెట్టె మీద రాసి ఉంటుంది. (సీసా మీద వాటర్ అని ఉందో లేదో చూసుకోండి, యాసిడ్ సీసా కూడా అదే షాపులో ఉంటుంది.) సున్నా దగ్గర సరిగ్గా ఉన్న మీటరు 35 దగ్గర రెండు మూడు అంకెలు తప్పు చెప్పొచ్చు. మనకి కావలసింది 34, 35 దగ్గర నిజం.

వంటింటి ఉప్పు అక్కరకొచ్చేది ఇక్కడే. పొడిగా ఉన్న మెత్తటి ప్యాకెట్ ఉప్పు 73 గ్రాములు, డిస్టిల్డ్ వాటర్ 1,927 గ్రాములు తూచి కలపండి. మొత్తం రెండు కిలోలు. అందులో 3.65 శాతం ఉప్పు ఉంటుంది. మీటరు కంటికి అది 35 పీపీటీ సముద్రపు నీళ్లలాగే కనిపిస్తుంది. నీళ్లని కూడా మిషన్ మీద తూచండి, సీసా మీది లీటర్ గీతని నమ్మకండి. ఆ చుక్క వేసి గీత 35 దగ్గరికి వచ్చేలా మీటరు మీది స్క్రూ తిప్పండి. మిగిలింది గట్టి మూత ఉన్న సీసాలో పోసి "మీటరుకి మాత్రమే" అని రాసి పెట్టుకోండి. నెలకోసారి దానితో సరిచూస్తే చాలు.

3. ఉప్పు కలపడం

ముందు నీళ్లు, తర్వాత ఉప్పు. ఉప్పు మీద నీళ్లు పోశారంటే అడుగున నీళ్లు మరీ చిక్కగా అయ్యి, కాల్షియం తెల్లటి పిండిలా పేరుకుంటుంది. అలా విడిపోయిన కాల్షియం మళ్లీ కరగదు.

లీటరుకి సుమారు 36 నుంచి 38 గ్రాముల మిక్స్ పడుతుంది. కంపెనీని బట్టీ, డబ్బాలో చేరిన తేమని బట్టీ కాస్త మారుతుంది. అందుకని 20 లీటర్ల టిన్నుకి మొదట 680 గ్రాములే తూచండి. డ్రమ్ములో నీళ్లు పోసి, పంపు వేసి, గుప్పెడు గుప్పెడుగా పది నిమిషాల్లో అంతా వేయండి. మూత పెట్టి పంపు అలా తిరగనివ్వండి. నేను సాయంత్రం కలిపి మర్నాడు పొద్దున్న చూస్తాను. 24 గంటలు తిప్పితే ఇంకా మంచిది.

గంట తర్వాత చూసి "తక్కువొచ్చింది" అని ఇంకో గుప్పెడు వేయడం మామూలుగా జరిగే పొరపాటు. కరగని ఉప్పు అడుగునే ఉంటుంది, పొద్దున్నకి 39 అవుతుంది. నీళ్లు తేటగా కనిపించే వరకు మీటరు తీయకండి.

4. కలిపిన నీళ్లు చూసుకోవడం

పొద్దున్న 34 రావాలి. 32 వస్తే 20 లీటర్లకి సుమారు 40 గ్రాములు వేసి మరో రెండు మూడు గంటలు తిప్పండి. ఎక్కువొస్తే కాస్త ఆర్‌ఓ నీళ్లు. పీహెచ్ 8.0 నుంచి 8.4 మధ్య ఉండాలి. ఉష్ణోగ్రత ట్యాంకులో ఎంతుందో ఇందులోనూ అంతే ఉండాలి, ఒక డిగ్రీ అటూ ఇటూ పర్లేదు.

మొదటిసారి కలిపినవాళ్లకి నేనిచ్చే సలహా ఒకటుంది. అర లీటరు సీసాలో పట్టి దగ్గర్లోని ఆక్వా ల్యాబ్‌లో ఇవ్వండి. హార్డ్‌నెస్ (కాల్షియం, మెగ్నీషియం కలిపి చూపే అంకె) 6,000 పైన చూపించాలి. సముద్రపు నీళ్లలో లీటరుకి సుమారు 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 400 పైచిలుకు కాల్షియం ఉంటాయి. హార్డ్‌నెస్ అంతుండేది వాటివల్లే. ఆల్కలినిటీ, అంటే పీహెచ్ పడిపోకుండా కాపాడే గుణం, 125 నుంచి 200 మధ్య ఉంటే బాగుంది. వంటింటి ఉప్పు నీళ్లు అదే ల్యాబ్‌కి ఇస్తే సెలినిటీ 34 అనే రాస్తారు, హార్డ్‌నెస్ దగ్గర మాత్రం దాదాపు ఏమీ ఉండదు. ఉప్పు మడిలో ముందు గడ్డకట్టేది సోడియం క్లోరైడ్, మెగ్నీషియం మిగులు నీళ్లలో పోతుంది. కళ్లుప్పు అయినా అంతే, "ఇది అయోడిన్ లేనిది కదండీ" అన్నా అంతే. ఉప్పు బోరు నీళ్లతో చెరువు చేసే రైతులు పొటాష్, మెగ్నీషియం బస్తాలు చల్లేది నీళ్లలో తక్కువైన ఆ ఖనిజాలని భర్తీ చేయడానికే.

ఇక్కడొక హెచ్చరిక. ల్యాబ్‌లో అబ్బాయి "అమ్మోనియా కొంచెం ఉందండి, పర్లేదు" అంటే అది రొయ్యల లెక్క. మనకి సున్నా కావాలి.

5. ట్యాంకుని సిద్ధం చేయడం

ఉప్పునీళ్లు పోసిన రోజే జెల్లీని వేయకండి. అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టరులో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. షాపులో దొరికే మెరైన్ బ్యాక్టీరియా సీసా పోస్తే కాస్త ముందే అవుతుంది. చెరువుల్లో చల్లే ప్రోబయోటిక్ పొడి దీనికి బదులు కాదు. చిటికెడు చేపల మేత రోజు విడిచి రోజు వేస్తూ, కిట్‌తో చూస్తూ ఉండండి. ముందు అమ్మోనియా పెరుగుతుంది, తర్వాత నైట్రైట్, ఆ తర్వాత రెండూ పడిపోయి నైట్రేట్ కనిపిస్తుంది. మేత వేసిన మర్నాడు కూడా అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా వస్తే ట్యాంకు సిద్ధమైనట్టే.

ఏరేటర్ రాయి ట్యాంకులో వద్దు. డ్రమ్ములో ఎంతసేపైనా వాడుకోండి. గాలి బుడగ గొడుగు కింద ఇరుక్కుందంటే మెల్లగా కండని చీల్చుకుని పైకి వస్తుంది, చిల్లు పడుతుంది. పంపు నీళ్లు లాక్కునే చోట స్పాంజి కట్టండి.

6. జెల్లీని దించడం

కవరు తెచ్చాక ముందు అందులోని నీళ్ల సెలినిటీ చూడండి. షాపువాళ్లు 30 దగ్గర ఉంచితే, మీది 34 అయితే ఒకేసారి వేయకూడదు. కవరుని ట్యాంకులో అరగంట తేలనివ్వండి, వేడి సమానం అవుతుంది. తర్వాత దాన్ని శుభ్రమైన బకెట్లోకి పోసి, సన్న పైపుతో ట్యాంకు నీళ్లు చుక్కచుక్కగా వదలండి. గంటన్నర, రెండు గంటల్లో బకెట్ నీళ్లు మూడింతలు కావాలి. మళ్లీ మీటరు చూడండి. రెండు నీళ్ల మధ్య ఒక పీపీటీ కంటే తేడా లేకపోతేనే దించండి.

వలతో పట్టొద్దు, నీళ్లలోంచి గాల్లోకి ఎత్తొద్దు. మగ్గుని నీళ్లలో ముంచి, జెల్లీని దానిలోకి రానిచ్చి, ట్యాంకు నీళ్లలోనే మగ్గు వంచండి. కాసియోపియా కుట్టడం చాలా తక్కువే, అయినా చేయి దురద పెడుతుంది. చేతికి గ్లౌజు వేసుకోండి, కళ్లు నులుముకోకండి.

7. రోజూ చేసే పని: మంచినీళ్లతో గీత దాకా నింపడం

ట్యాంకు గాజు మీద పర్మనెంట్ మార్కర్‌తో నీటి మట్టం దగ్గర ఒక గీత గీయండి. ఈ గీత చాలా ముఖ్యం. నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు ఆవిరవదు. గీత కిందికి ఎంత దిగితే అంత ఆర్‌ఓ నీళ్లు, ఉప్పు కలపనివి, పోసి గీత దాకా తేవాలి. రోజూ ఒకే వేళకి, కొంచెం కొంచెంగా, పంపు నీళ్లు తిరిగే చోట పోయండి.

మొదటి ఏడాది నేను దీన్నే తప్పు చేశాను. ఉప్పునీళ్లు తగ్గాయి కాబట్టి ఉప్పునీళ్లే పోయాలి అనుకున్నాను. మే నెల, ఫ్యాను ట్యాంకు మీదే తిరుగుతోంది, రోజుకి లీటరు పోతోంది. ప్రతి లీటరుతో 34 గ్రాముల ఉప్పు అదనంగా చేరింది. పద్నాలుగు రోజులకి 34 కాస్తా 42 అయింది. మీటరు చూసేసరికి నాలుగు జెల్లీలూ ముడుచుకుపోయి రూపాయి బిళ్లంత అయ్యాయి. గొడుగు కొట్టుకోవడం నిమిషానికి రెండు మూడుసార్లకి దిగిపోయింది. రెండు బతికాయి.

అసలు ఏమీ పోయకపోయినా ఇబ్బందే. 60 లీటర్లలో ఐదు లీటర్లు ఆవిరైతే 34 పోయి 37 అవుతుంది. అప్పుడు ఐదు లీటర్లూ ఒక్కసారే గుమ్మరిస్తే క్షణంలో మూడు పీపీటీలు పడిపోతుంది. రోజూ లీటరు అన్నది అందుకే.

అంచుల్లో, మూత మీద తెల్లటి ఉప్పు పెచ్చులు కడతాయి. తడి గుడ్డతో తుడిచేయండి. అవి ప్లగ్గు బోర్డు మీదికి పాకితే షార్ట్ అవుతుంది. వైరుని బోర్డు కంటే కిందికి ఒక వంపు వచ్చేలా వదిలి పెట్టుకోండి, నీళ్లు కారినా అక్కడే జారి పడతాయి.

8. వారం వారం నీళ్ల మార్పు

వారానికి 10 నుంచి 15 శాతం. నా ట్యాంకుకి 6 నుంచి 9 లీటర్లు. ముందు గీత దాకా మంచినీళ్లు నింపి, గంట ఆగి, సెలినిటీ చూసి, పైపుతో అడుగున ఉన్న చెత్తతో పాటు లాగేయండి. అంతే కొలత కొత్త ఉప్పునీళ్లు, అదే సెలినిటీ, అదే వేడి, బుడగలు పోయాక, మగ్గుతో మెల్లగా పోయండి. గీత దాకా నింపకుండా చూస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి కొత్త నీళ్లు కలిపితే అంతా తప్పుతుంది.

నైట్రేట్ 20 దాటుతోందంటే మేత ఎక్కువైంది. మేత విషయంలో మన ప్రాంతానికి వరం ఉంది. రొయ్య హేచరీల (పిల్లల్ని పొదిగించే కేంద్రాల) కోసం తెచ్చే ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి ప్రాణి గుడ్లు ఇక్కడ దొరుకుతాయి, పొదిగించుకుంటే జెల్లీకి అంతకంటే మంచి మేత లేదు. కానీ పొదిగిన నీళ్లని ట్యాంకులో పోయకండి. వాటి సెలినిటీ వేరు, గుడ్ల పెంకులు, బ్యాక్టీరియా అన్నీ అందులో ఉంటాయి. సన్నటి జాలీలో వడకట్టి, ట్యాంకు ఉప్పునీళ్లతోనే కడిగి వేయండి.

తీసేసిన నీళ్లు డ్రైనేజీలోకే పోయండి. మొక్కల మొదట్లో, పంట బోదెలో పోయకండి. చచ్చిన జెల్లీని కానీ బతికున్నదాన్ని కానీ కాలువలోనో సముద్రంలోనో వదలకండి, అది ఇక్కడి ప్రాణి కాకపోవచ్చు.

9. అంకె తప్పితే దిద్దడం

ఎక్కువైతే: ఎంత తగ్గాలో దాన్ని ఇప్పుడున్న అంకెతో భాగించి, ట్యాంకు లీటర్లతో హెచ్చవేయండి. 38 నుంచి 34కి రావాలంటే 4ని 38తో భాగించి 60తో హెచ్చవేస్తే 6.3. అంటే అన్ని లీటర్లు తీసి అంతే ఆర్‌ఓ నీళ్లు పోయాలి. ఒకే రోజు కాదు, నాలుగు రోజులు, రోజుకి లీటరున్నర చొప్పున.

తక్కువైతే ఇంకా తేలిక. పైన నేను చేసిన తప్పే ఇక్కడ మందు. ఆవిరైన లీటరు బదులు 34 పీపీటీ ఉప్పునీళ్లు పోయండి. రోజుకి అర పీపీటీ పెరుగుతుంది. 31 నుంచి 34కి ఐదారు రోజులు పడుతుంది. కంగారుపడి ఉప్పు నేరుగా ట్యాంకులో చల్లకండి. కరగని గింజ జెల్లీ మీద పడితే అక్కడ కాలుతుంది.

సముద్రం నీళ్లే కావాలంటే

నేనూ తెచ్చాను. ఆగస్టులో అంతర్వేది వెళ్లి ఐదు టిన్నులు నింపుకుని వస్తే మీటరు 11 చూపించింది. మీటరు పాడైందనుకుని మళ్లీ సరిచూశాను. మీటరు తప్పేం లేదు, అది అక్కడ సముద్రంలో కలిసే గోదావరి పాయ వశిష్ఠ పుణ్యం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి 11.75 అడుగులకి చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే, ఆ తర్వాత కొన్నాళ్లపాటు నదీముఖాల దగ్గర దొరికేది ఎర్రటి వరదనీరే. జులై నుంచి అక్టోబరు దాకా ఆ ఆలోచనే వద్దు.

తేవాలంటే ఎండాకాలంలో, నదీముఖానికీ ఉప్పుటేరు మొగలకీ చెరువుల డ్రెయిన్లకీ దూరంగా, పోటు మీద ఉన్నప్పుడు, వీలైతే వేటకి వెళ్లే పడవవాళ్ల చేత లోపలి నుంచి తెప్పించుకోండి. మెత్తటి గుడ్డలో వడకట్టి, మూత పెట్టి, చీకట్లో రెండు మూడు వారాలు కదలకుండా ఉంచి, పైన తేరిన నీళ్లు మాత్రం లాగండి. అప్పుడు కూడా సెలినిటీ, అమ్మోనియా, పీహెచ్ చూడాల్సిందే. హేచరీలవాళ్లు క్లోరిన్ కొట్టి, థయోసల్ఫేట్‌తో దాన్ని తీసేస్తారు. ఇంట్లో ఆ కొలతలు తప్పడం సులువు, అందుకే నేను ఆ దారి చెప్పను. కాకినాడ దాటాక ఉప్పాడ, కోనపాపపేట వైపు హేచరీలో మీకెవరైనా తెలిసినవాళ్లుంటే, మందులూ, ఈడీటీఏ (నీళ్లలోని లోహాలని పట్టేసే రసాయనం) కలపక ముందటి ఫిల్టర్ నీళ్లు నాలుగు టిన్నులు అడగండి. నాకైతే ఉప్పు డబ్బాయే తక్కువ టెన్షన్.

జెల్లీని చూసి నీళ్లు తెలుసుకోవడం

మీటరు తీసే లోపే జెల్లీ చెబుతుంది. నీళ్లు మార్చిన వెంటనే పైకి తేలిపోతోందంటే కొత్త నీళ్లలో ఉప్పు ఎక్కువైంది. మూన్ జెల్లీ అడుగుకి జారిపోయి లేవలేకపోతోందంటే తక్కువైంది. తేడా చిన్నదైతే కొన్ని గంటల్లో సర్దుకుంటుంది. గొడుగు లోపలిది బయటికి తిరగబడినట్టు ఉంటే వేడో, అమ్మోనియానో, సెలినిటీనో, మూడూ చూడండి. గొడుగులో గుండ్రటి చిల్లు ఉంటే బుడగ. కాసియోపియా రంగు వెలిసి తెల్లబోతుంటే లైటు చాలలేదు, లేదా నీళ్లు 30 దాటాయి. గొడుగు కొట్టుకోవడం నిమిషానికి ఎన్నిసార్లో మామూలు రోజున ఒకసారి లెక్కపెట్టి నోటు పుస్తకంలో రాసుకోండి. తేడా వచ్చిన రోజు దాంతో పోల్చుకోవచ్చు.

అన్నీ సరిగ్గా ఉండి రాత్రికి రాత్రే పోతే, ఆ గదిలో దోమల మందు పెట్టారేమో అడగండి. ఆలౌట్, కాయిల్, స్ప్రే, ఏదైనా పైరెత్రాయిడ్ మందే. దోమని చంపేది జెల్లీని వదలదు. సాయంత్రం ఆరయ్యేసరికి తలుపులు మూసి స్ప్రే కొట్టే అలవాటు మన ఇళ్లలో మామూలే. ట్యాంకు ఉన్న గదికి కిటికీ మెష్ బిగించి, దోమతెర కట్టుకోండి.

కరెంటు పోతే పంపుని ఇన్వర్టర్ మీద పెట్టండి, ఐదు పది వాట్లే లాగుతుంది. చిల్లర్‌ని ఇన్వర్టర్ మొయ్యలేదు. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు ముందుగా నాలుగు టిన్నులు ఆర్‌ఓ తెచ్చి పెట్టుకోండి, కరెంటు లేకపోతే ప్లాంట్ కూడా మూతే. ఆ రెండు రోజులూ మేత వేయకండి.

ఊరు వెళ్లాల్సి వస్తే

పెళ్లికో తిరుపతికో నాలుగు రోజులు వెళ్తే లీటరు సీసాలు నాలుగు ఆర్‌ఓ నీళ్లతో నింపి, ఒక్కోదాని మీద వారం పేరు రాసి ట్యాంకు పక్కన వరసగా పెట్టండి. పక్కింటి వాళ్లకి గాజు మీది గీత చూపించి, "ఏ రోజు సీసా ఆ రోజు, గీత దాకా, అంతే" అని చెప్పండి. మేత సంగతి వాళ్లకి అప్పజెప్పొద్దు, కాసియోపియా లైటు ఉంటే నాలుగు రోజులు ఆగుతుంది. మా పక్కింటి పిన్నిగారు ఒకసారి జెల్లీలు నీరసంగా ఉన్నాయని జాలిపడి రెండు చెంచాల ఉప్పు వేశారు. అప్పటి నుంచీ ఊరు వెళ్లే ముందు ఉప్పు డబ్బా బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాను.